పీల్చేది, వదిలేది

కువైట్ సల్వాలో ఆ ఇంటి పక్క సందులోకి జనవరి గాలి ఎటునుంచి దూరుతుందోగాని, దూరిందంటే మనిషిని ఒక్కచోట నిలవనివ్వదు. మద్దిలేటి రెండు స్వెట్టర్లు తొడుక్కుని, చెవుల మీదుగా తువ్వాలు బిగించి, గోడకు డ్రిల్లు ఆనించి నిలబడ్డాడు. డ్రిల్లు వేడెక్కింది, అతనే వేడెక్కలేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, మధ్యమధ్య గేటు వైపు చూసుకుంటూ పని చేస్తున్నాడు.

పని చెప్పుకోడానికి చిన్నదే. ఆ ఇంటి యజమాని బాబా చదువుకునే రోజుల్లో ఏదో మంచు దేశంలో చూసి మోజుపడ్డ గ్యాసు ఫర్నేసును ఇన్నేళ్లకు తెప్పించుకున్నాడు. ఎండాకాలం చల్లగాలి వచ్చే గొట్టాల్లోంచే చలికాలం వెచ్చటి గాలి వస్తుందట. కువైట్‌లో ఉన్న నాలుగు రోజుల చలికి ఇంత హంగామా ఏమిటని అడిగేవాడెవడు? మెషీన్ లోపలి గదిలో కూర్చుంది. దానికి గోడ బయటికి రెండు పైపులు పెట్టాలి. ఒకటి గాలి పీల్చేది, ఒకటి పొగ వదిలేది. మనకు ముక్కు ఎలాగో దానికి అవి అలాగ.

మద్దిలేటికి మాత్రం అది చిన్న పని కాదు. మైదుకూరు నుంచి వచ్చిన నాటినుంచీ మేస్త్రీల వెనకాల పైపులూ డక్టులూ మోసి మోసి నడుము అరిగినవాడు. మొదటిసారి సూపర్‌వైజరు సాయికృష్ణ అతని భుజం తట్టి, "ఈ ఇల్లు నువ్వే చూసుకో మద్దిలేటీ. సాఫీగా అయిందా, ఆఫీసులో నీ పేరు మేస్త్రీల్లో రాయిస్తా" అన్నాడు. సాఫీగా కాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు. మళ్ళీ డక్టులు నెత్తికెత్తుకుని మిద్దెలెక్కడమే.

ఇంటి ముందు పాలరాయి, వెనక బాబా మగ అతిథులను కూర్చోబెట్టే దివానియా. అతిథులకు పైపులు కనపడటానికి వీల్లేదని ఇంటావిడ మామా తేల్చి చెప్పింది. అందుకని సందులోనే పెట్టాలని సాయికృష్ణ గోడ మీద సుద్దముక్కతో రెండు గుండ్రాలు గీసి పోయాడు. ఆ గుండ్రాల పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒక చిన్న కిటికీ ఉంది. ఒక అద్దం పగిలితే అట్టముక్క అంటించారు. స్టోరు గదేలే అనుకున్నాడు మద్దిలేటి. డ్రిల్లు గోడలో ఇరుక్కుపోయి గిర్రున చెయ్యి తిప్పేసరికి, నోటికొచ్చిన తిట్టు తిట్టాడు. కిటికీ లోపలినుంచి ఆడమనిషి నవ్వు వినపడింది.

"మైదుకూరా, పొద్దుటూరా? తిట్టు మా పక్కదే మాదిరుండాదే!"

అద్దంలోంచి చూస్తే గోడకు చీరలు, కింద పరుపు, కిటికీ పట్టీ మీద దువ్వెన, కొబ్బరినూనె సీసా. మద్దిలేటి నాలిక్కరుచుకున్నాడు. తిట్టినందుకు కాదు, గుండ్రాలు గీసిన చోటు చూసి. వెంటనే సాయికృష్ణకు ఫోన్ కొట్టాడు.

"సార్, ఈ కిటికీలో మనిషుండాది."

సాయికృష్ణ పాపం చెడ్డవాడు కాదు. వచ్చి, వంగి, కిటికీలోకి చూసి, తల పట్టుకున్నాడు. "మామా ఇది స్టోరంటేనయ్యా నేను గీసింది! వద్దు వద్దు. పొగ వదిలే పైపు కిటికీ పక్కనుంటే కొంప మునిగిపోద్ది. చూడ్డానికి ఆవిరిలాగే ఉంటుంది, లోపలంతా విషం. ఒక పని చెయ్యి. పీల్చేదాన్ని ఇక్కడే ఉంచు. వదిలేదాన్ని కిటికీ మీదుగా ఎత్తి, సందు చివరిదాకా లాగేయ్. పైపు ఎక్కువ పడితే పడింది. మామాకి నేను సర్దిచెప్తాలే."

ఆ మాటకు మద్దిలేటికి ఏనుగెక్కినంత సంబరమైంది. తాను చూశాడు, తాను చెప్పాడు, ఒక ప్రాణం నిలబడింది! ఈల వేసుకుంటూ క్లాంపులు బిగించడం మొదలుపెట్టాడు.

కాసేపటికి ఆమె సులైమానీ టీ పట్టుకుని సందులోకి వచ్చింది. నలభై దాటిన మనిషి, బక్కపలచగా, తలకు మఫ్లరు. పేరు సంజీవమ్మ, ఊరు రాయచోటి పక్క. ఈ ఇంట్లో వంటా, బట్టలూ, ముసలామె హజ్జియా సేవా అన్నీ ఆమే. మద్దిలేటి టీ అందుకుని, గొప్పగా పైకి చూపించాడు.

"అక్కా, ఈ గొట్టం నీ కిటికీ పక్కనే పెట్టమన్యారు. నేనే చెప్పి మార్పించినా. నీ కోసరమే."

సంజీవమ్మ మొహంలో నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"నిన్నెవురు మార్చమన్యారు నాయనా?"

"అదేందక్కా అట్లంటావు?"

"డ్రైవర్ చెప్పినాడు, ఈడినుంచి వేడి గాలి బయటికొస్తాదని. ఆ మాట ఇన్నప్పటినుంచి దినాలు లెక్కబెట్టుకుంటాండా. ఇంగ రాత్రిళ్లు కాళ్లు కొంకర్లు పోవులే అనుకున్యా. నువ్వొచ్చి ఆ మూలకు తోలేస్తివి!"

"అది వేడి కాదక్కా, విషం."

"ఏం విషం? తెల్లగా ఆవిరే కదా వచ్చేది? మా ఇంట్లో నీళ్లకాగు పక్కన కూచ్చోని చలి కాగినోళ్లమే అందరూ. సచ్చిపోయినామా?"

మద్దిలేటి నవ్వేశాడు. కట్టెల పొయ్యి మీద కాగు, ఆరుబయట మంట, దాని పక్కన ముడుచుకుని కూర్చున్న పిల్లలు అతనికీ తెలుసు. "దానికీ దీనికీ పొంతన ల్యాదక్కా" అని వివరించబోయాడు. ఆమె వినలేదు.

"ఇంట్లో అన్ని రూములకూ వేడి పెడతాండారా?"

"పెడతాండాము."

"బాత్రూములకు?"

"వాటికీ."

"నా రూముకు?"

మద్దిలేటి గోడ అతుకు వైపు చూశాడు. ఆ గది ఇంటి గోడకు తర్వాతెప్పుడో అతికించి కట్టింది. ఏసీ గొట్టం దాన్లోకి లేదు, కాబట్టి వేడీ లేదు. "కరెంటు హీటరైనా అడగల్యాకపోయినావా?" అన్నాడు.

"అడగల్యాకేమి? నిద్రలో దుప్పటంటుకుంటాదని మామా భయం. ఇంగో దుప్పటి ఇచ్చింది. మంచి దుప్పటేలే" అని, ఖాళీ గ్లాసు లాక్కున్నట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఈల మళ్ళీ రాలేదు మద్దిలేటికి. కిటికీని చూశాడు, విషాన్ని చూశాడు, లోపలి మనిషికి చలేస్తుందన్న సంగతి మాత్రం అతనికి తట్టనే లేదు. ఇదేం మేలు చేయడంరా దేవుడా అని తన మీద తనకే చిరాకేసింది. ఆ చిరాకు పైపు మీద చూపించి, ముక్క కొలత తప్పుకోసి, ఇంకో ముక్క కోశాడు.

మర్నాటికి పైపంతా గోడ మీదికి ఎక్కింది. పొగ వదిలే పైపుకు ఒక మర్మముంది. లోపల ఆవిరి చల్లబడి నీళ్లవుతుంది. ఆ నీళ్లు వెనక్కి, మెషీన్ వైపే జారిపోవాలి, అందుకని చివర ఎత్తుగా ఉండాలి. మద్దిలేటి ఒక్కో క్లాంపు దగ్గరా రసమట్టం పెట్టి, బుడగ జరిగేదాకా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి బిగించాడు. అతుకులకు మాత్రం సొల్యూషన్ పూయలేదు. బయట పైపు ఏదైనా ఇంటి ఆడమనిషి చూసి సరేనన్నాకే అతికించడం వాళ్ల కంపెనీ పద్ధతి. ఎగైలాలో ఒకసారి అతికించేశాక ఆ ఇంటి మామా చూసి, వికారంగా ఉందని మొత్తం కోయించి పారేయించింది. ఆనాటినుంచి ముందు ఊరికే దూర్చి నిలబెడతారు. ప్రతి అతుకు మీదా అడ్డంగా పెన్నుతో ఒక గీత గీస్తారు. రేపు విప్పి సొల్యూషన్ పూసి మళ్ళీ దూర్చేటప్పుడు గీతకు గీత కలిస్తే చాలు, వాలు తప్పదు.

మామా ఆ రోజు పెళ్లికి వెళ్లింది. లోపల హజ్జియా ఒకటే దగ్గు. బాబా రెండుసార్లు బయటికొచ్చి, "యల్లా, యల్లా, మా అమ్మకు ఈ పూటే వేడి కావాలి" అని తొందరపెట్టాడు. మద్దిలేటి సాయికృష్ణ మొహం చూశాడు.

"అతికించకుండా నడపొచ్చునా సార్?"

"లోపలి అతుకులన్నీ అయ్యాయిగా. బయట కాస్త లీకైనా గాల్లోకే పోద్ది. ఒక్క రాత్రేగా, వేసేయ్."

వేశాడు. మెషీన్ గుర్రుమంది. కాసేపటికి సందు చివర పైపు మూతిలోంచి తెల్లటి ఆవిరి మెత్తగా బయటికి వచ్చి, గాలికి చెదిరిపోయింది. సాయికృష్ణ చప్పట్లు కొట్టి, "మేస్త్రీగారూ!" అన్నాడు ఎగతాళిగా. మద్దిలేటికి ఒళ్లు పులకరించింది. వెనక్కి తిరిగితే సంజీవమ్మ. చేతిలో తడిబట్టల బకెట్టు. కళ్లు ఆ ఆవిరి మీదే ఉన్నాయి. ఇటు తన కిటికీని చూసింది, అటు ఆవిరిని చూసింది, బట్టలు ఆరేయకుండానే లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపు మద్దిలేటికి రూముకు వెళ్లినా వదల్లేదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచాడు.

పొద్దున్నే ఫోను. మెషీన్ ఆగిపోయింది, ఇల్లు మంచుగడ్డలా ఉంది, ముసలామెకు దగ్గు ఎక్కువైంది, మామా మండిపడుతోంది. సాయికృష్ణ సబా అల్ సలేంలో ఇంకో పని దగ్గర ఉన్నాడట, తాను వచ్చేలోపు పోయి చూడమన్నాడు. మద్దిలేటి కంపెనీ డ్రైవరును బతిమాలి సల్వా చేరాడు.

సందులోకి అడుగుపెట్టగానే తేడా కొట్టింది. కిటికీ మీది పైపు నడుము కుంగి ఉంది. దగ్గరికి పోయి చూస్తే అతుకు మీద తను గీసిన గీత ఒకవైపు, దాని జోడు గీత ఇంకోవైపు. తనెప్పుడూ అలా వదలడు. అతుకు లాగాడు. లోపల నిలిచిన నీళ్లు బొళుక్కున బూట్ల మీద పడ్డాయి. నీళ్లు నిలిచి పొగకు దారి లేక మెషీన్ తనంత తాను ఆగిపోయిందన్నమాట. ఎందుకు కుంగింది? క్లాంపు వదులు చేసి ఉంది. ఎవరు చేశారు? కిటికీకున్న అట్టముక్క ఊడి కింద పడి ఉంది. ఇనుప ఊచల మధ్య, సరిగ్గా పైపు మూతి పట్టేంత మేర సందు వదిలి, చుట్టూ తువ్వాలు కుక్కి ఉంది.

మద్దిలేటి కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు.

"అక్కా! సంజీవక్కా!"

వెనక తలుపు తీసుకుని ఆమె వచ్చింది. మొహం బూడిదరంగులో ఉంది. తలకు గుడ్డ గట్టిగా బిగించి కట్టింది.

"అరవబాకు నాయనా, తల పగిలిపోతాంది. రెండుసార్లు కక్కుకున్యా. చలిజొరమేమో."

"జొరం కాదు! పైపు లోపలికి పెట్టుకున్యావా? నిజం చెప్పు!"

ఆమె గోడకు ఆనుకుంది. "కొంచెంసేపేలే. శానా బాగుండె. ఎంత వెచ్చగా ఉండెనో, ఈ దేశమొచ్చినాక అంత నిద్ర పోల్యా. మళ్ళీ చలేసి మెలకువొచ్చె. చూస్తే మెషీను సప్పుడు ల్యా. భయపడి ఎట్లుండేది అట్ల తగిలిచ్చినా."

"అది ఆగబట్టి బతికినావక్కా. ఆగకుంటే పొద్దున నిన్ను..." మద్దిలేటి ఊచల్లోంచి తువ్వాలు పీకి పారేశాడు. కోపమో దుఃఖమో తెలియలేదు. అరవాలనీ ఉంది, ఆమె కాళ్లు పట్టుకోవాలనీ ఉంది. సంజీవమ్మ అతని మొహం చూసి, అప్పుడు మొదటిసారి నమ్మింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మామాకు చెప్పబాక. పంపించేస్తారు నన్ను."

"చెప్పను."

అన్నంత సేపు పట్టలేదు, ఆ మాట బరువేమిటో తెలియడానికి. సాయికృష్ణ వచ్చాడు, ఆయన వెనకే మామా వచ్చింది, శాలువా కప్పుకుని, కళ్లు ఎర్రగా. సాయికృష్ణ కింద పడ్డ నీళ్లు చూశాడు, కుంగిన పైపు చూశాడు, కలవని గీతలు చూశాడు.

"ఏంటయ్యా ఇది? క్లాంపు బిగించావా లేదా?"

మద్దిలేటి తల దించుకున్నాడు.

"నిన్నే! నిన్న నా ఎదురుగా రసమట్టం పెట్టావు. రాత్రికి రాత్రి ఎవరు కదిపారు? డ్రైవరా?"

"ల్యా సార్."

"మరి? నువ్వే సరిగా బిగించలేదా?"

మద్దిలేటి కలవని గీతలకేసే చూస్తున్నాడు. నేనే అంటే మేస్త్రీగిరీ ఈ సందులోనే ఖలాస్. వేరేవాళ్లంటే ఎవరని అడుగుతారు. మామా అరబ్బీలో గలగలా ఏదో అంటోంది, హజ్జియా దగ్గు గురించి. సాయికృష్ణ ఆమెకు మా మనిషిదే తప్పని ఇంగ్లీషులో చెప్తూ, మధ్యలో తెలుగులోకి తిరిగి, "నీ పేరు రాయిద్దామనుకున్నా, నాకు బుద్ధి లేదు" అన్నాడు. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా మద్దిలేటి పెదవి విప్పలేదు. విప్పితే ఏమొస్తుందో తనకే నమ్మకం లేదు.

"మామా" అంది సంజీవమ్మ.

అందరూ అటు తిరిగారు.

"అనా. నేను" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత పైపు చూపించింది, కిటికీ చూపించింది. తనకొచ్చిన అరబ్బీలోనే, తడుముకోకుండా చెప్పింది. "బర్ద్ మామా, చలి. ప్రతి రాత్రీ బర్ద్. మీ అందరికీ వేడి ఉంది, నాకు లేదు. అందుకని నేనే తిప్పుకున్నా. ఇతనిది తప్పు లేదు."

మద్దిలేటి ఆమె ఇఖామా రద్దయి, ఊరికి పంపేసినట్టే అనుకున్నాడు. సాయికృష్ణ పొడిపొడి మాటల్లో మామాకు విషం సంగతి వివరించాడు. చచ్చిపోయేదే అని చెప్పడానికి నిద్రపోతున్నట్టు చెయ్యి చెంప కింద పెట్టి చూపించాడు.

మామా తిట్టలేదు. ఆమె రంగు మారింది. "యా రబ్బీ, నా ఇంట్లోనా!" అని గబగబా వచ్చి సంజీవమ్మ రెండు చేతులూ పట్టుకుంది, నుదురు తాకి చూసింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజమైన కన్నీళ్లే, అందులో నటనేం లేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని డ్రైవర్‌ను కేకేసింది. ఈ గదిలో ఇక ఒక్క రాత్రి కూడా పడుకోవద్దంది. ఈ రోజునుంచే హజ్జియా గదిలో, మంచం పక్కన, తివాచీ మీద పరుపు వేసుకొమ్మంది. అక్కడ అన్నిటికంటే ఎక్కువ వేడి వస్తుంది, ముసలామెకు రాత్రిపూట తోడూ ఉంటుంది.

సాయికృష్ణ హమ్మయ్య అనుకుని గాలి వదిలాడు. "చూశావా, ఎంత మంచి మామానో! పంపించేస్తుందనుకున్నా. సరే మద్దిలేటీ, నీ తప్పేం లేదు, నేనే నోరు జారాను, ఏమనుకోకు. ఆ పేరు సంగతి రేపే చూస్తా. ఇక ఈ గదిలో మనిషుండదు కాబట్టి, ఆ పొడుగు పైపు పీకేసి, మొదట గీసిన చోటే సూటిగా బయటికి పెట్టేయ్. మామాకీ అదే ఇష్టం, సందు నీటుగా ఉంటుంది."

మద్దిలేటి మేస్త్రీ అయ్యాడు. ఇంత సులువుగా అవుతుందని అతను ఏ రాత్రీ అనుకోలేదు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

మధ్యాహ్నానికి సంజీవమ్మ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చింది. కాస్త తేరుకుంది. గదిలోంచి చీరలు, పరుపు, ట్రంకుపెట్టె ఒక్కొక్కటే లోపలికి చేరవేయడం మొదలుపెట్టింది. మద్దిలేటి పొడుగు పైపు విప్పి, కిటికీ పక్కన పొట్టి ముక్క కొలిచి, కోసి, అంచు గీకి నున్నగా చేసి, సొల్యూషన్ డబ్బా మూత తీశాడు. బ్రష్షు ముంచాడు.

"పోనీలే అక్కా" అన్నాడు, ఏదో ఒకటి అనాలని. "ఇంగ వెచ్చగా నిద్ర పోతావు."

"వెచ్చగానే ఉంటాది" అంది. దువ్వెన, నూనెసీసా కొంగులో వేసుకుంటూ ఆగింది. "నిద్రే ఉండదు. ఆమె దగ్గితే లేయల్ల, నీళ్లంటే లేయల్ల, కాళ్లంటే పిసకల్ల. ఈడ చలైనా, పని ఐపోయినాక తలుపేసుకుంటే తెల్లారేదాకా నన్ను పిలిచేటోళ్లు ల్యా. పిల్లోల్లతో ఫోన్లో మాట్లాడుకుంటాంటి. ఏడుపొస్తే ఏడుస్తాంటి. నేను అడిగింది ఏం నాయనా? ఈ గదిలోకి కొంచెం వేడి."

మద్దిలేటి చేతిలోని బ్రష్షు నుంచి ఒక బొట్టు కారి సిమెంటు మీద పడింది. ఆ మాట పొద్దున మామాతో తాను అని ఉండాల్సింది. ఇంటి గొట్టంలోంచి ఈ గదికి ఒక పాయ తీయడం ఒక పూట పని. సాయికృష్ణకూ తెలుసు, తనకూ తెలుసు. మామా కళ్లనీళ్లు పెట్టుకున్నప్పుడు అడిగితే ఒప్పుకునేదే. తన పేరు మేస్త్రీల్లో పడిందన్న మాట విన్నాక నోటికి తాళం పడింది. "నేను అడుగుతానక్కా, ఇప్పుడే..." అన్నాడు.

"వద్దు. ఐపోయింది. హజ్జియా తోడు రుచి చూసినాక ఇంగ వదుల్తారా?" అంది. తర్వాత సొల్యూషన్ డబ్బా వైపు చూసి, "రోంతసేపు ఆగి అతికిస్తావా?" అని అడిగింది.

ఖాళీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది.

మద్దిలేటి కిటికీకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఫోను మోగింది, సాయికృష్ణ. ఎత్తలేదు. లోపలినుంచి ఏ శబ్దమూ రాలేదు, మాటలు లేవు, ఏడుపు లేదు. ఇంటి లోపలినుంచి హజ్జియా దగ్గు వినిపించింది. ఆ తర్వాత మామా గొంతు, "సంజీవా!" అని. గడియ తీయలేదు. ఇంకోసారి పిలిచింది. అప్పటికీ తీయలేదు. బ్రష్షు మీది జిగురు గట్టిపడుతుంటే మద్దిలేటి దాన్ని మళ్ళీ డబ్బాలో ముంచాడు.

మూడో పిలుపుకు తలుపు తెరుచుకుంది. తల దువ్వి ముడి వేసుకుంది.

"ఇంగ అతికిచ్చుకో తమ్ముడూ" అంది. "జాయ్యా మామా!" అని వస్తున్నట్టు లోపలికి బదులిచ్చి, గబగబా నడిచింది.

మద్దిలేటి పైపు మూతికి జిగురు పూసి, వంపు బెండులో దూర్చి, పావు తిప్పు తిప్పి నొక్కిపట్టాడు. కొత్త అతుకు వెంటనే వదిలితే వెనక్కి జారుతుంది. పట్టు బిగిసేదాకా చెయ్యి తీయకూడదు. ఎప్పుడో బిగిసిపోయింది. అతను మాత్రం ఇంకా పట్టుకునే నిలబడ్డాడు.